జపాను ఆటలో మా ఇంటి స్తంభం

నా పేరు ఉమామహేశ్వర. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో ఫ్లెక్సీల షాపు నడుపుతాను. ఈ చుట్టుపక్కల పెళ్ళయినా, పుట్టినరోజయినా, నాయకుడు వస్తున్నా, ఎవరి ముఖం ఎంత పెద్దదిగా ఉండాలో, ఎవరు ఎవరి పైన ఉండాలో తేల్చేవాణ్ణి నేనే. అంతటి నా ముఖమే సొంత అన్న కూతురి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలో లేకుండా పోయింది. ఆ ముచ్చటకు వస్తాను. ముందు నా గొప్పలు చెప్పుకోనివ్వండి, వాటికి ఎంతో సేపు పట్టదు.

మాది కోడుమూరులో మగ్గాల ఇల్లు. మా అన్న మునీంద్ర ఇప్పటికీ అక్కడే చీరలు నేస్తున్నాడు. నాకు చిన్నప్పటినుంచీ కుదురు లేదు. నేను మగ్గం ఎక్కితే పోగులు తెగేవి, దిగితే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకునేవారు. మా నాయన నూలుకోసం కర్నూలు వచ్చినప్పుడల్లా మా ఇద్దరినీ వెంట తెచ్చేవాడు. ఆయన బేరం తెమిలేలోపల మేము బస్టాండు దగ్గర ఖాదర్ భాయ్ వీడియో గేముల దుకాణంలో ఉండేవాళ్ళం. అక్కడ జపాను వాళ్ళు తయారుచేసిన కొట్లాట ఆట ఒకటి ఉండేది. తెర మీద అన్నీ జపాను అక్షరాలే కాబట్టి దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. మేము గుద్దులాట అనేవాళ్ళం.

అందులో దేశానికొక వస్తాదు. మన దేశం తరఫున వచ్చేవాడికి ఇంత తలపాగా, చెవులదాకా మీసం, మెడలో నాగుబాము. ఎగిరే తివాచీ మీద దిగేవాడు. వెనకాల పాలరాతి గుమ్మటం, దాని ముందు ఏనుగు, ఏనుగు పక్కన ఆవు. గెలిచినప్పుడు చేతులు జోడించి ఏదో మాట అనేవాడు. అది ఉర్దూ కాదని ఖాదర్ భాయ్ చెప్పాడు. హిందీ కాదని మా బళ్ళో హిందీ సారు చెప్పాడు. తెలుగు కాదని మాకే తెలుసు. అయినా తెర మీద మన జెండా కనబడుతుంది కాబట్టి అది మన భాషే అనుకోక తప్పేది కాదు. అన్న ఎప్పుడూ జపాను వస్తాదునే పట్టుకునేవాడు. "నువ్వు సిన్నోడివి, పాములాయప్పను తీసుకో" అనేవాడు నాతో. పాములాయన కాళ్ళు మహా నిదానం. అన్న చేతిలో తన్నులు తిని తిని నాకు దేశాభిమానం పుట్టింది. మామూలు మనుషులకు పాటలు వింటే పుడుతుంది.

పెద్దయ్యాక ఆ ఆట మళ్ళీ ఫోన్లలోకి వచ్చింది. పాములాయన అలాగే ఉన్నాడు, పాముకు మాత్రం రంగు బాగా తేలింది. నేను ఊరుకోలేకపోయాను. షాపులో ప్రింటు మిషను తిరుగుతూ ఉంటే, ఆ కంపెనీ పేజీ కింద వచ్చీరాని ఇంగ్లీషులో కామెంట్లు పెట్టడం మొదలుపెట్టాను. "అయ్యా, మా దగ్గర ఎగిరే తివాచీలు లేవు. షేర్ ఆటోలు ఉన్నాయి. గతుకుల్లో అవి కొంచెం ఎగిరే మాట నిజమే" అని ఒకటి. "మా దేశంలో భాషలు బోలెడు. అందులో ఏ ఒక్కటీ మీ వస్తాదుకు రాదు" అని ఇంకొకటి. ఇలా కొన్నేళ్ళు రాశాను. జవాబు రాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాడే లేకపోతే చెప్పేవాడికి ఇంకా హుషారు.

"జపానోల్లకు చెప్పేంత కోపం ఉండాది గదా, పోయి మీ యన్నకు చెప్పరాదా" అని నా భార్య హేమావతి అంటూ ఉండేది. ఇప్పుడు ఆ ముచ్చటకు రావాలి.

అన్న కూతురు పవిత్రకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. ఫ్లెక్సీ నేనే కానుకగా వేస్తానన్నాను. బంధువుల ముఖాలన్నీ గుద్దులాటలో వస్తాదులను ఎంచుకునే తెరలాగా గళ్ళుగళ్ళుగా పేర్చాను. కొత్తగా ఉంటుందని నా ఆలోచన. మా వదిన శివకుమారి తమ్ముడు శివప్రసాద్ ఫోటో కింద మూలకు వచ్చింది. తాడు కట్టడానికి మూలన కొట్టే కంత సరిగ్గా అతని నొసటి మధ్యన పడింది. శుభమా అని ఫంక్షన్ పెట్టుకుంటే తమ్ముడి నొసట కంత ఏమిటని వదిన ఏడ్చింది. అన్న ఆ ఫ్లెక్సీ దించేసి పక్క షాపులో ఇంకొకటి కొట్టించాడు. ఫంక్షన్‌కు పోయి గేటు దగ్గర నిలబడి చూస్తే అందులో అందరూ ఉన్నారు. షామియానా వేసినాయన కూడా ఉన్నాడు. నేను లేను. పాయసం ముట్టకుండా వచ్చేశాను. అది నా నిరసన. ఎవరూ గమనించినట్టు లేదు.

ఆ రోజునుంచి అన్నకూ నాకూ మాటల్లేవు. మా వైపు మాటల్లేవంటే నోరు మూసుకున్నారని అర్థం కాదు. ఎదుటివాడితో తప్ప అన్నింటితోనూ మాట్లాడతారు. గోడతో, ఎనుముతో, కడవతో. అన్న వాళ్ళ నడింట్లో రాతి స్తంభం ఒకటి ఉంది, మా ఇద్దరికీ అదే మధ్యవర్తి. నాయన తిథి నాడు పక్కపక్కన పీటల మీద కూర్చుని కూడా, "స్తంభమా, నువ్వుల గిన్నె ఇట్ల జరపమని చెప్పు" అంటాడు అన్న. "జరిపినానని చెప్పు" అంటాను నేను. పాపం అయ్యవారు మంత్రాలు మధ్యలో ఆపి స్తంభం వంక చూసేవాడు. వినడానికి నవ్వులాటగానే ఉంటుంది. కానీ అన్న నోట నా పేరు విని ఏళ్ళయింది. నాకు అది లోపల కెలుకుతూనే ఉండేది. జపాను మీద పెట్టిన కామెంట్లలో సగం కోపం ఎవరి మీదిదో హేమావతికి ముందే తెలుసు.

ఇలా ఉండగా ఒకనాడు ఆ కంపెనీనుంచి నాకు మెయిలు వచ్చింది. పాములాయనను తీసేస్తున్నారట. మీ కామెంట్లన్నీ చదివాం, కొత్త ఆటలో మీ ప్రాంతపు వస్తాదునే పెడదామనుకుంటున్నాం, ఆయన ఎలా ఉండాలో, ఏం మాట్లాడాలో మీరే చెప్పండి అని ఉంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. ఆ రోజు షాపుకు వచ్చిన వాళ్ళందరికీ మెయిలు చూపించాను. పెళ్ళి ఫ్లెక్సీకోసం వచ్చిన ఒకాయన అంతా విని, "మంచిదేలే అప్పా, మా వాని పేరులో తప్పుల్లేకుండా చూడు" అని వెళ్ళిపోయాడు.

కంపెనీ తరఫున వీడియో కాల్‌లోకి వచ్చినావిడ పేరు తానిగుచి. ఆటలో ఎవరు ఏ భాష మాట్లాడాలో చూసే పని ఆవిడది. ఆవిడను మర్యాదగా పలకరించాలని, జపాను వస్తాదు ప్రతి ఆట మొదట్లో అనే మాటను నేను బట్టీపట్టి ఉన్నాను. వంగి దణ్ణం పెట్టి ఆ మాట గట్టిగా అన్నాను. ఆవిడ కుర్చీ వెనక్కి జరిగింది. అది వెనకటి కాలపు యోధులు తల నరికేముందు అనే మాటనీ, ఇప్పుడు వీధిలో అలా అంటే పోలీసులు వస్తారనీ తర్వాత మెల్లగా చెప్పింది. ఆవిడ తెలుగులోనే మాట్లాడింది. మన సినిమాలు చూసి చూసి నేర్చుకుందట. అందువల్ల ఆవిడ కూడా "నమస్కారం, మీ అంతు చూస్తాను" అని మొదలుపెట్టింది. మీ పని చివరిదాకా చూస్తానని ఆవిడ భావం. ఒకరి భాష ఒకరం కొట్లాటల్లో నేర్చుకున్నవాళ్ళం, దెబ్బలు తగలకుండా ఆ రోజుకు విడిపోయాం. అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు.

వారం రోజులు కూర్చుని వస్తాదును తయారుచేశాను. పేరు సీమ నరసింహ. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో వేటకొడవలి, మీసం సంగతి చెప్పనక్కర్లేదు. తొడ కొడితే నేల బీటలిస్తుంది, వెనకాల నిలబెట్టిన జీపులు గాలిలోకి లేస్తాయి. గెలిచాక, "మా సీమలో నీళ్ళు తక్కువ, నెత్తురు ఎక్కువ" అంటాడు. ఇది రాసినవాడు ఎవరనుకున్నారు? ఇంట్లో కొబ్బరికాయ కొట్టాలంటే భార్యను పిలిచేవాడు. మా వీధి కుక్క మొరిగితే పక్క సందులోంచి చుట్టు తిరిగి పోయేవాడు.

రెండో కాల్‌లో వస్తాదు బొమ్మలు చూపించి, మాటలన్నీ నేనే అభినయించాను. తొడ కూడా కొట్టి చూపించాను. చప్పుడు రాలేదు. ఇంకోసారి కొట్టాను. మోకాలి చిప్పకు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తానిగుచి చాలా సేపు తల ఊపింది. "చాలా బాగుంది" అంది. ఆవిడ కాదనబోయేముందు అలా అంటుందని నాకు అప్పటికి తెలియదు. "ఒక చిన్న సందేహం. మా పాము మీకు ఎందుకు నచ్చలేదు?"

"మా ఊర్లల్ల పాము మెడలో వేసుకుని తిరిగేటోల్లు ఎవురూ లేరు మేడం. మీరు యాడనో చూసిన బొమ్మ అది."

"నిజమే. మీ వీధిలో తొడ కొట్టేవాళ్ళు ఎంతమంది?"

నేను మోకాలు రుద్దుకున్నాను. వంటింటి గడప దగ్గర నిలబడి అంతా చూస్తున్న హేమావతి, "దోమ కుట్టితే ఈయనే కొడతాడు మేడం" అంది.

తానిగుచి నవ్వలేదు. "ఈ మనిషిని నేను చాలా సినిమాల్లో చూశాను. నాకు ఇష్టం కూడా. కానీ ఇది మీ పాము కాదా?" అంది.

గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఎన్నో ఏళ్ళు జపాను వాళ్ళను తిట్టినవాణ్ణి, కలం చేతికిచ్చి నీ బొమ్మ నువ్వే గీసుకోమంటే, ఎవరో గీసిన బొమ్మకు నా సంతకం పెట్టి ఇచ్చాను. మోకాలు నొప్పి ఒక పక్క, సిగ్గు ఒక పక్క. కాల్ కట్ చేసి నెట్‌వర్క్ మీదికి నెట్టేద్దామా అనిపించింది.

"మీరు ఎవరితోనైనా కొట్లాడారా? నిజంగా?" అని అడిగింది ఆవిడ. "అప్పుడు ఏమన్నారు?"

"మా యన్నతో. ఆయనతో ఏమీ అనల్యా. స్తంభంతో అన్నా."

అర్థం కాలేదంది. చెప్పాను. ఫ్లెక్సీ, కంత, పాయసం, నాయన తిథి, అన్నీ చెప్పాను. చెబుతూ ఉంటే నాకే సిగ్గేసింది, ఇంత చిన్నదానికా ఇన్నేళ్ళు అని. కానీ ఆవిడ రాసుకుంటూనే ఉంది. ఎదుటివాడిని చూడకపోవడమే మీ దగ్గర అన్నిటికన్నా పెద్ద దెబ్బ అన్నమాట అంది. అవుననే అన్నాను. జీపులు ఎగిరినా అంత నొప్పి పుట్టదు.

అలా సీమ నరసింహ పోయి, ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. నేతగాళ్ళ నడింట్లో రాతి స్తంభానికి చెరొక పక్కన నిలబడతారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. గుద్దేముందు, గుద్దిన తర్వాత చెప్పదలచుకున్నదంతా స్తంభానికి చెబుతారు. బొమ్మలు చూసి హేమావతి కూడా బాగుందంది. ఆమె నోట నా పని గురించి ఆ మాట రావడం, నేను వేసిన మా పెళ్ళి కార్డు తర్వాత అదే మొదలు.

గొంతుల దగ్గర చిక్కు వచ్చింది. హైదరాబాదులో ఎవరో నటుల చేత చెప్పించి వినిపించారు. "స్తంభమా" అన్న మాటకే కోడి మెడ విరిచినట్టు అరిచారు. మా ఇంట్లో ఆ మాట ఎంత నెమ్మదిగా అంటామో వాళ్ళకేం తెలుసు. ఇలా కాదు మేడం అన్నాను. "అయితే మీరూ మీ అన్నగారూ చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే వీళ్ళతోనే కానిద్దాం" అంది తానిగుచి. హేమావతి నా వైపు చూసి, "పోవయ్యా ఇంగ. జపానోల్లు చెప్పినా పోవా" అంది. నిజానికి నాకు ఆట ఏమైపోయినా ఒకటే అనిపించింది ఆ క్షణాన. అన్న దగ్గరికి పోవడానికి ఒక సాకు దొరికింది, ఆయన పొమ్మంటే ఆ తర్వాత ఇంక ఏ సాకుతో పోవాలి అన్నదే నా భయం.

కోడుమూరు పోయేసరికి పొద్దు కొంచెం ఎక్కింది. వదిన గడపలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. "ఏమబ్బీ, ఎన్నాళ్ళకు వస్తివి. హేమ బాగుండాదా?" అంది. అన్న మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. పోగుల మధ్య నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

నేను స్తంభం ముందు నిలబడ్డాను. "స్తంభమా, జపానులో ఒక ఆట చేస్తాండారు. దాంట్లో ఈ ఇల్లు పెడ్తాండారు, నిన్ను గూడ పెడ్తాండారు. అన్న గొంతు కావాలంట. ఇస్తాడేమో అడుగు."

"స్తంభమా, జపానోల్లకు ఊర్లో ఇంగెవురూ దొరకల్యా అని అడుగు" అన్నాడు అన్న.

"అన్న మాదిరి మాట్లాడేటోడు ఇంగొకడు లేడని చెప్పు."

"పొగిడితే పడిపోయేటోన్ని కాదని చెప్పు."

"పడిపోవద్దు, పడగొట్టే మాటలే కావాలని చెప్పు."

నాడె ఆగింది. "అది రాయి. దానికి మాత్రం ఎన్నని చెప్తారు" అంది వదిన, కండె మీదినుంచి తల ఎత్తకుండా.

అన్న గుంటలోంచి లేచి, చేతులు తుడుచుకుని, నేను రాసుకొచ్చిన మాటల కాగితం స్తంభం దగ్గర పెడితే తీసుకున్నాడు. ఫోన్లో రికార్డింగు పెట్టి, పెట్టినట్టు స్తంభానికి చెప్పి, దాని దీపం గూట్లో ఉంచాను. అన్న చదివాడు. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. మళ్ళీ చదివించాను. రేషను బియ్యం ఎప్పుడిస్తారో చాటింపు వేసినట్టుంది. చివరికి ఆయనకే విసుగొచ్చి కాగితం కింద పడేశాడు.

"స్తంభమా, ఇవి నా మాటలు కావు. నా మాటలు నేను చెప్తా, విను. ఇంటి కోడలి తమ్ముని నొసట కంత కొట్టి ఫ్లెక్సీ ఏసినోడు, ఆ పొద్దు ఒక్క మాట వచ్చి, వదినా ఏడవొద్దు అన్యాడా? అడుగు."

"కంత కొట్టేది మిషను అని చెప్పు. మిషనుకు నొసలేదో, మూలేదో తెలుస్తాదా. నా ముఖం తీసేసినది మిషనా, మనిషా? అది అడుగు."

"తీసేయల్యా. పెట్టల్యా. రెండూ ఒకటి కాదని చెప్పు."

"షామియానా ఆయప్పను గూడ పెట్టి, తమ్మున్ని ఎందుకు పెట్టల్యా, చెప్పమను."

వదిన చేతిలో రాట్నం ఆగిపోయింది. అన్న స్తంభం మీద చెయ్యి పెట్టాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

"ఆ షాపోడు అడిగినాడు, తమ్ముని ఫోటో యాడ ఎయ్యాల అని. పైన ఎయ్యమందామంటే కోపం. కింద ఎయ్యమందామంటే మనసు ఒప్పల్యా. మూలకు పెడితే ఆ కంత యాడ పడ్తాదో అని భయం. అందుకని యాడా ఎయ్యల్యా. అంతే, చెప్పు."

ఇన్నేళ్ళూ నేను ఏమనుకున్నానంటే, నన్ను మర్చిపోయాడనుకున్నాను. లేదా కావాలని తీసేశాడనుకున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియక ఫోటో చేత్తో పట్టుకుని పరాయి షాపులో నిలబడి ఉంటాడని ఒక్కసారి కూడా తోచలేదు. ముఖాలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించడమే నా వృత్తి, చూడండి.

నా వంతు వచ్చింది. "స్తంభమా" అన్నాను. "అన్నకు చెప్పు" అన్నాను. స్తంభం మసకగా కనబడింది. నేను గోడ వైపు తిరిగి, చొక్కా చేతితో ముఖం తుడుచుకుంటూ, దుమ్ము పడిందన్నట్టు ఏదో నటించాను. నా నటన ఎంత చక్కనో తొడ కొట్టినప్పుడే చెప్పాను కదా.

అప్పుడు వెనకనుంచి అన్న అన్నాడు.

"ఒరే ఉమా. ఏంటికిరా ఏడుస్తాండావు? రా, కాళ్ళు కడుక్కో. ఇంత తిందువు రా."

వదిన లేచి లోపలికి పోయింది, కంచాలు కడిగిన చప్పుడు వినబడింది. ఆ రోజు కొర్రన్నం, పుంటికూర పప్పు. నేను ఎంత తిన్నానో నాకే గుర్తులేదు. తిన్నాక రికార్డింగు అంతా అన్నకు వినిపించి, పంపనా అని అడిగాను. ఆయన్నే అడిగాను, ముఖం చూసి. "పంపు. రాయికి చెప్పినేవే గదా, దాచేదేముండాది" అన్నాడు.

తానిగుచి దగ్గరినుంచి కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. కంత మాట, మిషను మాట, పైన కింద మాట, అన్నీ తీసుకుంటామనీ, మీ అన్నగారి గొంతు అందరికీ నచ్చిందనీ రాసింది. కింద ఒక ప్రశ్న: "చివరి మాటలో ఆయన గొంతు వేరుగా ఉంది. అది స్తంభంతో అన్నట్టు లేదు. ఆ ఉమా ఎవరు, ఎవరితో అన్నారు? అన్న గెలిచినప్పుడు ఆ మాట పెడితే చాలా బాగుంటుంది."

నాతో అన్నాడని రాశాను. ఆ ఒక్క మాట ఆటలో పెట్టవద్దని కూడా రాశాను.